మట్టి కుండీలా, ప్లాస్టిక్ కుండీలా: మీ బాల్కనీకి నేను వేసే లెక్క

మీరు అడిగింది ఇదీ: ఫ్లాట్‌లో నాలుగో అంతస్తు, పడమటి బాల్కనీ, పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇరవై కుండీలు పెట్టుకోవాలని ఉంది. ప్లాస్టిక్ కుండీలో పెట్టిన తులసి ఇప్పటికి రెండుసార్లు ఎండిపోయింది. అత్తగారేమో ప్లాస్టిక్‌లో తులసి బతకదు, మట్టివే తెమ్మంటున్నారు. మీవారేమో అంత బరువు బాల్కనీ ఆపుతుందా అని టెన్షన్ పడుతున్నారు. ఏవి కొనాలి?

నేను హైదరాబాద్‌లోనే పద్నాలుగేళ్ళుగా మిద్దె మీద మొక్కలు పెంచుతున్నాను. ఇప్పుడు నూట నలభై దాకా ఉన్నాయి. సగం మట్టి కుండీలు. మిగతావి ప్లాస్టిక్ కుండీలు, ఖాళీ పెయింట్ బకెట్లు, గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు). రెండిట్లోనూ మొక్కల్ని పోగొట్టుకున్నాను, కాబట్టి ఏ పక్షానా వకాల్తా పుచ్చుకోను. అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం కుండీ గురించి కాదు. మీ ఇంట్లో నీళ్ళు పోసేది ఎవరు, ఎలా పోస్తారు? దాన్నిబట్టే కుండీ.

ముందు తులసి సంగతి చూద్దాం. మీ అత్తగారు చెప్పింది నిజమే, కారణమే వేరు. తులసికి నీళ్ళు మనం అవసరం చూసి పోయం. స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, చెంబుడు నీళ్ళు పోస్తాం. వాన పడుతున్నా పోస్తాం. ఇంట్లో ముగ్గురుంటే మూడు చెంబులు. మట్టి కుండీ అయితే ఆ నీళ్ళలో కొంత గోడల్లోంచే బయటికి లాగేస్తుంది. కుండలో నీళ్ళు చల్లబడేది ఎందుకో మనకి తెలిసిందే కదా, సన్నటి రంధ్రాల్లోంచి తేమ బయటికొచ్చి ఆవిరవుతుంది. మొక్క ఉన్న కుండీలోనూ జరిగేది అదే. ప్లాస్టిక్‌కి ఆ దారి లేదు. పైనుంచి ఆరాలి, అడుగు చిల్లుల్లోంచి పోవాలి, లేదా మొక్క తాగాలి. దాని కింద పళ్ళెం పెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు నిలబడనిస్తే వేళ్ళకి గాలి అందదు, కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు కాబట్టి ఆకులు వాడిపోయినట్టు వేలాడతాయి. మనమేమో అయ్యో దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తాం.

ఇంకో అనుమానం. ఆ తులసి మొక్క నర్సరీలో నల్ల కవర్లో వచ్చిందా? మన దగ్గర అమ్మే మొక్కల్లో చాలా భాగం రాజమండ్రి దగ్గరి కడియం వైపు నుంచి వస్తాయి. అక్కడి గోదావరి ఒండ్రు మట్టి ముద్దతో సహా వస్తాయి. లారీలో అన్ని గంటలు ప్రయాణం చేసినా వేళ్ళు కదలకుండా ఉండటానికి ఆ జిగట మట్టి బాగా పనికొస్తుంది. కుండీలో మాత్రం అదే ఉరితాడు. చుట్టూ మీరు గుల్లగా ఉండే మిశ్రమం పోస్తారు, మధ్యలో ముద్ద అలాగే ఉంటుంది. తడిస్తే వారం దాకా ఆరదు, ఒకసారి ఎండితే ఇటుకలా బిగిసి నీళ్ళు లోపలికి పోనివ్వదు. పోయిన తులసిని పీకి చూస్తే కవరు ఆకారంలోనే మట్టి ముద్ద బయటికొచ్చిందా? వస్తే నేరం సగం ఆ ముద్దదే. కొత్త మొక్క తెచ్చాక ఆ ముద్దని బకెట్ నీళ్ళలో ఓ పావుగంట ఉంచి, వేళ్ళు తెగకుండా మూడోవంతు మట్టి వదిలించి నాటండి. ఈ పని సాయంత్రం చెయ్యండి, రెండు మూడు రోజులు నీడలో ఉంచండి.

ఇక్కడే ఇంకో మాట. అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగిపోతాయని అందరూ చెప్తారు. నేనూ ఆరేడేళ్ళు వేశాను. వెయ్యకండి. కావాలంటే వంటింట్లో పరీక్ష చేసుకోవచ్చు. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి పళ్ళెంలా అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్ళీ ధారగా కారుతుంది. మట్టి కూడా స్పాంజి లాంటిదే. అడుగున కొంత ఎత్తు మేరకు నీటిని పట్టుకుని వదలదు. కింద రాళ్ళు పోస్తే ఆ తడి పొర రాళ్ళ మీదకి ఎక్కి కూర్చుంటుంది, అంటే వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్కో కొబ్బరి పీచో అడ్డం పెడితే చాలు, మట్టి పోకుండా ఆగుతుంది. ఇదే కారణంతో వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే ప్లాస్టిక్ తొట్లు ఎప్పుడూ చిత్తడిగా ఉంటాయి. ప్లాస్టిక్ కొంటే లోతుగా ఉన్నది కొనండి.

సరే, అలాగైతే అన్నీ మట్టివే కొనేస్తే పోదా? పోదు. మీది పడమటి బాల్కనీ.

ఓ ఏడాది మే నెలలో మేనకోడలి పెళ్ళికని నాలుగు రోజులు తెనాలి వెళ్ళాం. పక్కింటి కుర్రాడికి తాళాలిచ్చి నీళ్ళు పొయ్యమని చెప్పాం. వాడు రెండో రోజు మర్చిపోయాడు, మూడో రోజు వాడికే జ్వరం. తిరిగొచ్చేసరికి ఎనిమిది అంగుళాల మట్టి కుండీల్లో ఉన్న పదకొండు మొక్కలు పుల్లలై ఉన్నాయి. ఆ పక్కనే పెయింట్ బకెట్లో ఉన్న వంగ మొక్క తల వేలాడేసింది గానీ, సాయంత్రం నీళ్ళు పోస్తే మర్నాటికి లేచి నిలబడింది. వేసవిలో మట్టి కుండీకి రోజూ నీళ్ళు పొయ్యాలి, చిన్నదైతే పొద్దునా సాయంత్రం రెండుపూటలా. అదే మొక్క ప్లాస్టిక్‌లో ఉంటే ఒకపూట పోస్తే గడిచిపోతుంది. మీ ఇద్దరూ ఆఫీసుకి పోయేవాళ్ళయితే, నెలకోసారి ఊరెళ్ళే అలవాటుంటే, ఇరవై మట్టి కుండీలు మీకు చాకిరీ.

దీనికి ఎదురు కథ కూడా నా దగ్గరుంది. అంతకు రెండేళ్ళ ముందు ఆగస్టులో వారం పాటు ముసురు పట్టింది. ప్లాస్టిక్ కుండీల్లో ఉన్న గులాబీలు ఆరు పోయాయి. పీకితే వేళ్ళు నల్లగా, ముక్కు మూసుకునేంత కంపు. మట్టి కుండీల్లోని గులాబీలకి ఏమీ కాలేదు. గులాబీని అప్పట్నించీ మట్టి కుండీలోనే పెడుతున్నాను.

ప్లాస్టిక్‌తో వేడి ఇంకో గొడవ. మట్టి కుండీ గోడ తడిగా ఉన్నంతసేపూ ఆవిరి వల్ల చల్లగా ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ ఎండని తాగేస్తుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి మీ పడమటి ఎండ తగిలే నల్ల కుండీ మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఉంచలేరు. ఆ గోడని ఆనుకునే మొక్క సన్నటి వేళ్ళుంటాయి. మట్టి వేడి నలభై డిగ్రీలు దాటితే చాలా మొక్కల వేళ్ళు పని మానేస్తాయి. ఆ మొక్క పడమటి పక్క ఆకులు మాడి తూర్పు పక్క బాగుంటే తెగులేమో అని మందు కొట్టకండి, కుండీని తిప్పి చూడండి. అందుకే మీరు ప్లాస్టిక్ కొంటే తెల్లవో లేత రంగువో కొనండి. ఉన్నవి నల్లవైతే చుట్టూ గోనెసంచి చుట్టి, మధ్యాహ్నం దాని మీద నీళ్ళు చిలకరించండి. మట్టి కుండీ చేసే పనే ఆ గోనె చేస్తుంది.

ఇప్పుడు మీవారి బరువు ప్రశ్న. అది బాగా అడిగారు, చాలామంది అడగరు. పన్నెండు అంగుళాల మట్టి కుండీ ఖాళీగా ఆరు కిలోల దాకా ఉంటుంది, ప్లాస్టిక్‌ది కిలో కూడా ఉండదు. తేడా అయిదు కిలోలు. కానీ అసలు బరువు లోపల ఉంది. ఆ సైజు కుండీలో దాదాపు 14 లీటర్ల మట్టి పడుతుంది. వట్టి ఎర్రమట్టి నింపి తడిపితే లీటరు కిలోన్నర దాటుతుంది, అంటే కుండీతో కలిపి 28 నుంచి 30 కిలోలు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు), వరి ఊక కలిపిన తేలిక మిశ్రమమైతే తడిసినా, కుండీ బరువు కాక, 14, 15 కిలోల్లో ఉంటుంది. కాబట్టి బరువు తగ్గించాలంటే ముందు మార్చాల్సింది మట్టి, ఆ తర్వాతే కుండీ.

మన ఇళ్ళ డిజైన్‌కి వాడే ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇంటి బాల్కనీకి చదరపు మీటరుకి సుమారు 300 కిలోలు, మనుషులు తిరిగే మిద్దెకి సుమారు 150 కిలోలు లెక్కలోకి తీసుకుంటారు. మీ బాల్కనీ నలభై చదరపు అడుగులు, అంటే 3.7 చదరపు మీటర్లు. కాగితం మీద పదకొండు వందల కిలోలు. ఇరవై బరువు కుండీలు పెట్టినా ఆరు వందలు. చాలుతుంది కదా అనుకోకండి. అందులోనే మనుషులు, వాషింగ్ మెషీన్, బట్టల స్టాండు అన్నీ ఉన్నాయి. పైగా బయటికి వేలాడే బాల్కనీకి చివర పెట్టిన బరువు గోడ పక్కన పెట్టిన బరువు కంటే చాలా ఎక్కువ భారం. మట్టి కుండీలు గోడవైపు, తేలికవి గ్రిల్ వైపు. బిల్డింగ్ పాతదై, కింది ఫ్లాట్ బాల్కనీ పైకప్పులో పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే కుండీల మాట పక్కనపెట్టి ముందు ఇంజనీరుకి చూపించండి. మిద్దె మీద పెట్టేవాళ్ళు దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి పెట్టుకోవాలి, మధ్యలో గుట్టగా వద్దు.

గ్రిల్ మీదా పిట్టగోడ మీదా ఏ కుండీ పెట్టకండి. మట్టిదైతే అసలే వద్దు. మా వీధిలో కోతులు ఒకటి తోసేశాయి, కింద స్కూటర్ సీటు చిరిగిపోయింది. ఆ సీటు మీద మనిషి లేడు కాబట్టి సరిపోయింది.

కొనేటప్పుడు చూడాల్సినవి. మట్టి కుండీని చేత్తో ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే బాగా కాలింది, పగుళ్ళు లేవు. డబడబమంటే ఎక్కడో చీలికో, పచ్చిదనమో ఉంది. సరిగ్గా కాలని కుండీ రెండు వానలకి పొరలుపొరలుగా రాలిపోతుంది. పైన ఎర్ర రంగు మెరుస్తుంటే అడుగున గోటితో గీకి చూడండి, కాలనితనాన్ని రంగుతో కప్పేస్తారు. గోడలో తెల్లటి చుక్కలుంటే అవి సున్నపు రాళ్ళు. తడి తగిలితే ఉబ్బి కొన్ని నెలలకి పెచ్చులు ఎగరగొడతాయి. ఒకసారి ఒక పెద్ద దుకాణంలో ఆన్‌లైన్ ఆర్డరు పెట్టి ఎనిమిది తెప్పించుకుంటే అయిదింటికి ఇదే జబ్బు, వాపసు తీసుకోవడం కుదరదన్నారు. అప్పట్నించీ చేత్తో కొట్టి చూడకుండా కుండీ కొనను. రోడ్డు పక్కన కుమ్మరి దగ్గర కొంటే ఒక్కొక్కటీ మోగించి చూసుకునే స్వేచ్ఛ ఉంటుంది, ఆయనే మోగించి చూపిస్తాడు కూడా.

అడుగున చిల్లు కనీసం వేలు పట్టేంత ఉండాలి. కుండలా పొట్ట పెద్దదై మూతి చిన్నగా ఉండే డిజైన్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కానీ రెండేళ్ళకి మొక్క మార్చాలంటే కుండీ పగలగొట్టాల్సిందే. ఇంటికి తెచ్చిన కొత్త కుండీని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. పొడి కుండీలో నాటితే మొదటి నాలుగు రోజులూ మీరు పోసిన నీళ్ళు అదే తాగేస్తుంది. ఎనామిల్ పెయింట్ పూసిన మట్టి కుండీలు కొంటే మాత్రం మీరు బరువైన ప్లాస్టిక్ కుండీ కొన్నట్టే. రంధ్రాలు మూసుకుపోయాక మట్టి గుణం ఏదీ మిగలదు. ముగ్గులు పెట్టుకోవాలంటే మూతి అంచున పెట్టుకోండి.

మీ దగ్గర బోరు నీళ్ళయితే ఏడాదికే మట్టి కుండీ బయట తెల్లగా పూత పడుతుంది. అది బూజు కాదు, నీళ్ళలోని ఉప్పు, సున్నం. ఇదొకరకంగా మేలే, లోపలి ఉప్పు కొంత బయటికొస్తోందన్నమాట. ప్లాస్టిక్‌లో ఆ ఉప్పు మట్టిలోనే పేరుకుని ఆకుల కొసలు మాడతాయి. ఏ కుండీ అయినా రెండు నెలలకోసారి అడుగునుంచి బాగా కారిపోయేలా నీళ్ళు పోసి కడిగెయ్యండి. వాన నీళ్ళు దొరికితే ఇంకా మంచిది.

ప్లాస్టిక్‌లో చూడాల్సింది మందం. పల్చగా, తేలిగ్గా, నొక్కితే లొత్త పడేవి హైదరాబాద్ ఎండకి రెండు వేసవులు కూడా ఆగవు. అంచు పట్టుకుని ఎత్తితే అంచే చేతికొస్తుంది. ఎండకి తట్టుకునేలా చేసిన మందపాటివి ఖరీదెక్కువైనా ఏడెనిమిదేళ్ళు వస్తాయి, నా దగ్గరున్నాయి. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లు ఇంకా గట్టివి. వాటికి అడుగున అయిదారు, పక్కన అడుగుభాగానికి అంగుళం పైన నాలుగు చిల్లులు కాల్చిన కడ్డీతో పెట్టుకోండి, ఆరుబయట నిలబడి పెట్టండి, పొగ మంచిది కాదు. లోపల పెయింట్ అట్టలు లేకుండా గీకి కడగడం మర్చిపోకండి. పళ్ళేలు పెడితే వానాకాలంలో వారానికి రెండుసార్లు ఒంపెయ్యాలి. డెంగ్యూ దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే.

మట్టి మిశ్రమం రెండిటికీ ఒకటే వద్దు. మట్టి కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, వర్మీ కంపోస్టు ఒకటి, కోకోపీట్ ఒకటి. ప్లాస్టిక్‌కి ఎర్రమట్టి ఒక పాలే, కంపోస్టు ఒకటి, కోకోపీట్ సగం, మిగతా సగం దొడ్డు ఇసుకో వరి ఊకో. రోబో ఇసుక (రాళ్ళు పిండి చేసిన ఇసుక) వాడితే జల్లించి దుమ్ము పారెయ్యండి, లేకపోతే సిమెంటులా బిగుస్తుంది. నల్లరేగడి దేనిలోనూ వద్దు.

నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో తెలుసుకోవడానికి మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు. మట్టి కుండీని కొట్టండి, ఎండితే ఖణేల్‌మంటుంది, తడిగా ఉంటే మొద్దుగా వినిపిస్తుంది. రంగు కూడా మారుతుంది. ప్లాస్టిక్‌కి ఆ భాష లేదు. దాన్ని అంచు పట్టుకుని కొంచెం ఎత్తి చూడండి, వారం రోజుల్లో చేతికి బరువు అలవాటవుతుంది. లేదా వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి.

రెండిటి మేలూ ఒకేచోట కావాలంటే ఒక ఉపాయం ఉంది. మా ఊళ్ళో కొబ్బరి మొక్కలు నాటిన కొత్తల్లో పక్కన కుండ పాతిపెట్టి నీళ్ళు నింపేవాళ్ళు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు మధ్యలో మూతి పైకి ఉండేలా రంగు వెయ్యని మట్టి ముంత ఒకటి పాతి, నీళ్ళు నింపి, పైన చిప్ప బోర్లించండి. తడి నెమ్మదిగా ఊరుతూ ఉంటుంది, వేళ్ళు వచ్చి ముంతని చుట్టుకుంటాయి. ఇప్పుడు ఊరెళ్ళేటప్పుడు నేను టమాటాకి, వంగకి ఇదే చేస్తున్నాను. లీటరు ముంతతో మూడు రోజులకి ఢోకా లేదు, నడి వేసవిలో రెండు. బోరు నీళ్ళకి రెండేళ్ళలో ముంత రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కొత్తది.

మీ ఇరవైకీ నేను వేసే లెక్క. మట్టి కుండీలు ఎనిమిది: తులసికి పన్నెండు అంగుళాలది, మల్లెకి పద్నాలుగు, గులాబీలకి రెండు, కలబంద, అడీనియం (ఎడారి గులాబీ), కనకాంబరం, ఒక మందారం. ఇవన్నీ గోడవైపు, ఇటుకల మీద. సరాసరి గచ్చు మీద పెడితే కింద తడి వలయం పడి నాచు పడుతుంది. మిగతా పన్నెండు ప్లాస్టిక్: పాలకూర, గోంగూర, పుదీనా, కొత్తిమీర, మిర్చి, టమాటా, మనీప్లాంట్. వీటికి తడి ఆరకుండా ఉంటేనే సుఖం. కరివేపాకు ఎందులో అయినా బతుకుతుంది, నీళ్ళు నిలవకపోతే చాలు. ఫోటోల్లో అందంగా కనిపించడానికి అన్నీ ఒకే రకం కొనాలనిపిస్తుంది, ఆ కోరిక మాత్రం కొన్నాళ్ళు ఆపుకోండి.

అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో ఈ లెక్క తిరగబడింది. అక్కడ చలికాలంలో బయట వదిలేసిన తడి మట్టి కుండీలు గోడల్లో నీరు గడ్డకట్టి పగిలిపోయాయి. అలాంటి చలి దేశాలవాళ్ళు రాసిన వ్యాసాలు చదివి మట్టి కుండీ చలికి ఆగదని భయపడకండి, మన హైదరాబాద్ చలికి దానికేమీ కాదు.

ఈ వారం చెయ్యాల్సింది తులసి ఒక్కటే. కుండీ తెచ్చి నానబెట్టండి, మొక్క ముద్ద వదిలించి నాటండి, కింద పళ్ళెం వద్దు. అత్తగారు రోజూ ఒక చెంబు పోసుకోవచ్చు. మీరూ మీవారూ దణ్ణం మాత్రం పెట్టుకోండి. ముసురు రోజుల్లో ఆవిడ కూడా ఉద్ధరిణెడు పోస్తే చాలు. పాత ప్లాస్టిక్ కుండీని పారెయ్యకండి. మట్టి మార్చి, ధనియాలు చేత్తో నలిపి రెండు పప్పులుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. ఎండ తగ్గాక, అక్టోబరులో అయితే ఇంకా బాగా వస్తుంది.